14 నెలల పాప నా దగ్గరికి రావట్లేదు, అమ్మమ్మే కావాలంటోంది

తెనాలి_పిల్ల — సోమవారం రాత్రి 11:52

ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే కానీ రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మా పాపకి మొన్ననే 14 నెలలు నిండాయి. కాన్పు సెలవు 26 వారాలు అయిపోయే వేళకి అత్తగారికి మోకాలి ఆపరేషన్ పడింది, మా ఇద్దరికీ ఆఫీసులు, ఇంట్లో చూసే దిక్కు లేదు. ఏడో నెలలో పాపని తెనాలిలో మా అమ్మ దగ్గర ఉంచాం. నెలకి రెండుసార్లు శుక్రవారం రాత్రి వెళ్లడం, ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. రోజూ వీడియో కాల్. ఇప్పుడు నాకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చారు, ఒక ఆయమ్మ కూడా దొరికింది, అందుకని పాపని హైదరాబాద్ కొండాపూర్‌లో మా ఇంటికి తెచ్చేసుకున్నాం. అమ్మ వచ్చి నాలుగు రోజులు ఉంది.

అయిదో రోజు మధ్యాహ్నం పాప పడుకున్నప్పుడు అమ్మ వెళ్లిపోయింది. "చూస్తే ఏడుస్తుంది, నిద్దట్లో ఉండగానే వెళ్లిపో, లేచాక మర్చిపోతుంది" అని అందరూ అన్నారు, నేనూ అన్నాను. లేచింది. వంటింట్లోకి, బాత్రూమ్ దగ్గరికి, కర్టెన్ వెనక్కి వెళ్లి చూసింది. అమ్మ హడావిడిలో ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు వదిలేసి వెళ్లింది. పాప వాటిని ఒక్కోటిగా మోసుకొచ్చి వీధి గుమ్మం దగ్గర పెట్టి తలుపు కొట్టడం మొదలెట్టింది.

ఇవాళ్టికి తొమ్మిది రోజులు. పొద్దున కాస్త ఆడుకుంటుంది. సాయంత్రం ఆరున్నరకి లైట్లు వేసేసరికి "అమ్మా" అని గుమ్మం వైపు చూస్తూ ఏడుపు. ఆ అమ్మ నేను కాదు. మా అమ్మని అమ్మా అంటుంది, నన్ను ఏమీ అనదు. మా ఆయన పెడితే నాలుగు ముద్దలు తింటుంది, నేను పెడితే మూతి బిగిస్తుంది. ఆఫీసు నుంచి వచ్చి చేతులు చాపితే మొహం తిప్పుకుంటుంది. నిన్న కుళాయి తిప్పి బాత్రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. ఏడు నెలలు దూరం పెట్టినందుకు ఇక జీవితాంతం ఇంతేనా?

నిక్కచ్చి_మనిషి — మంగళవారం ఉదయం 6:10

వారం ఓపిక పట్టండి, అదే మర్చిపోతుంది. ఆ వయసులో వాళ్లకి ఏం గుర్తుంటుంది? మా రోజుల్లో ఇలాంటి వాటికి చర్చలు లేవు, పిల్లలు ఏడ్చేవాళ్లు, ఊరుకునేవాళ్లు. అందరం పెరగలేదా? ఈ కాలం అమ్మలకి ప్రతిదానికీ టెన్షన్.

రెండో_కాన్పు — మంగళవారం ఉదయం 7:35

అన్నా, ఏమీ గుర్తుండకపోతే చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర ఎందుకు పెడుతుంది చెప్పండి?

చెల్లీ, నువ్వు పరేషాన్ కాకు ముందు. మాది హన్మకొండ, ఇద్దరు పిల్లలు. పెద్దోడప్పుడు నేనూ ఇదే తప్పు చేసిన, వెనక తలుపు నుంచి చప్పుడు కాకుండా జారుకునేదాన్ని. ఏడుపు వినపడలేదు కాబట్టి గెలిచిన అనుకున్న. పదిరోజులకి వాడు నా కొంగు వదలడం మానేసిండు, బాత్రూమ్‌కి పోయినా తలుపు బయట కూర్చునేవాడు. ఎందుకంటే వాడికి అర్థమైంది ఒక్కటే, కళ్లు మూసినా పక్కకి తిరిగినా అమ్మ మాయమవుతుంది. నిద్రకి కూడా భయపడిండు. చిన్నదానికి మాత్రం మొహం మీద చెప్పి పోయేదాన్ని. ఏడ్చేది, గట్టిగానే. కానీ అది గుమ్మం దగ్గరే అయిపోయేది, రోజంతా సాగేది కాదు.

మునగచెట్టు — మంగళవారం ఉదయం 9:20

రాజమండ్రి నుంచి రాస్తున్నాను, నేనూ అమ్మమ్మనే, 63 ఏళ్లు. అమ్మాయ్, మీ అమ్మకి ఫోన్ చేసి ఆవిడ కట్టి విడిచిన నూలు చీర ఒకటి, ఉతకనిది, కొరియర్‌లో పంపమను. పాప పక్కలో పెట్టు. మిగతాది తర్వాత రాస్తాను, పొయ్యి మీద పప్పు ఉంది.

పిల్లల_పరిశీలన — మంగళవారం మధ్యాహ్నం 1:48

విశాఖలో పిల్లల ఎదుగుదల చూసే కేంద్రంలో పని చేస్తాను, రోజూ ఇలాంటి అమ్మలు వస్తుంటారు. "జీవితాంతం ఇంతేనా" అన్నారు కదా, ముందు దానికి జవాబు: కాదు. మిగతాది వివరంగా రాస్తాను.

నాలుగైదు నెలల పిల్లకి బొమ్మ మీద గుడ్డ కప్పితే ఆ బొమ్మ లోకంలో లేనట్టే. దాదాపు ఎనిమిదో నెలకి గుడ్డ తీసి వెతకడం మొదలుపెడతారు. కనపడకపోయినా ఉంది అన్న తెలివి అది. మనం కొంగు మొహం మీద కప్పుకుని "బూ" అని తీస్తే ఆ వయసు పిల్లలు అంత పడీ పడీ నవ్వేది అందుకే. బొమ్మకి వచ్చిన తెలివి మనిషికీ వస్తుంది. అమ్మ కనపడట్లేదు కానీ ఎక్కడో ఉంది, మరి నా దగ్గర ఎందుకు లేదు? ఈ ప్రశ్న వచ్చాకే ఏడుపు. సుమారుగా 8 నెలలకి మొదలై, 10 నుంచి 18 నెలల మధ్య బాగా ముదిరి, రెండేళ్లు దాటాక మెల్లగా తగ్గుతుంది. మీ పాప సరిగ్గా నడిమధ్యలో ఉంది. కొత్త ఊరు, కొత్త ఇల్లు, కొత్త ఆయమ్మ, పైగా నిద్ర లేచేసరికి మనిషి మాయం, అన్నీ ఒకే వారంలో.

"మర్చిపోతుంది" అన్న పెద్దమనిషికి ఒక సంగతి. 1950ల మొదట్లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన లండన్‌లో ఆసుపత్రిలో చేరిన రెండున్నరేళ్ల లోపు పాపని ఎనిమిది రోజులపాటు కెమెరాతో తీశారు. అప్పట్లో అక్కడ ఆసుపత్రుల్లో తల్లిదండ్రుల్ని పిల్లల దగ్గర ఉండనిచ్చేవాళ్లు కాదు, కొన్నాళ్లకి ఊరుకుంటారు కదా అని అందరి నమ్మకం. ఆయన ఎంతోమంది పిల్లల్ని చూసి చెప్పింది ఏంటంటే, మొదట ఏడుపు, తర్వాత దిగాలు, ఆ తర్వాత పట్టించుకోనట్టు ఉండటం. మూడోదాన్ని చూసి పెద్దవాళ్లు "అలవాటు పడింది" అనుకుంటారు. అమ్మ వచ్చినప్పుడు మొహం తిప్పుకునేది కూడా అప్పుడే. ఆ పని తర్వాతే ఆసుపత్రుల నియమాలు మెల్లగా మారాయి.

మీ పాప మీ నుంచి మొహం తిప్పుకోవడం కూడా అలాంటిదే కావచ్చు. ఏడు నెలలుగా ప్రతి రెండో ఆదివారం రాత్రి మీరు వెళ్లిపోయారు (అదీ నిద్రపోయాకే అనుకుంటా). మళ్లీ వెళ్లిపోయే మనిషి దగ్గర మనసు పెట్టుకోకుండా జాగ్రత్తపడుతోంది.

అమ్మమ్మ కోసం అంత ఏడ్చిందంటే ఆవిడ బాగా చూసుకున్నారన్నమాట. ఒక మనిషిని గట్టిగా పట్టుకోవడం వచ్చిన పిల్ల రెండో మనిషినీ పట్టుకుంటుంది. 1964లో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని నెలనెలా చూసి రాశారు, ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది ఒక్కరితో కాదు, ఇద్దరు ముగ్గురితో బంధం పెట్టుకున్నారని. అదీ ఎవరు ఎక్కువసేపు ఉన్నారన్న దాన్ని బట్టి కాదు, పిల్ల కదిలితే ఎవరు వెంటనే పలుకుతున్నారన్న దాన్ని బట్టి. కాబట్టి గంటల లెక్క చూసి కుమిలిపోకండి.

వీలైతే అమ్మగారిని మళ్లీ రప్పించండి, ఓ పది పన్నెండు రోజులకి. ఆవిడ గదిలోనే ఉండాలి కానీ పనులు ఒక్కొక్కటిగా మీ చేతికి రావాలి. ముందు స్నానం, తర్వాత మధ్యాహ్నం అన్నం, నిద్రపుచ్చడం అన్నిటికన్నా ఆఖర్న. వెళ్లేటప్పుడు పగటి పూట, పాప మెలకువగా ఉండగా, చెప్పి వెళ్లాలి.

తెనాలి_పిల్ల — మంగళవారం రాత్రి 10:30

ఆదివారం నిద్రపోయాకే వెళ్లేవాళ్లమని మీకెలా తెలిసింది! నిజమే. ఏడ్చే మొహం చూడలేక.

అమ్మ రావడం కష్టం. నాన్నకి షుగర్, ఇన్సులిన్ అమ్మే ఇస్తుంది. చీర మాత్రం రేపు పంపుతానంది. "ఉతకనిదా, ఛీ, అందులో పోపు వాసన వస్తుంది" అంది. అదే కావాలన్నాను.

వీడియో కాల్ మానేయాలా? మొన్న చేస్తే పాప ఫోన్ తిరగేసి వెనక వైపు చూసింది, అమ్మమ్మ అక్కడ ఉందేమోనని. అటు అమ్మ ఏడుపు, ఇటు ఇది.

అర్ధరాత్రి_నాన్న — మంగళవారం రాత్రి 11:05

డల్లాస్ దగ్గర ఉంటాం, బాబుకి 22 నెలలు. మీ పోస్ట్ చదివి ఆఫీసులో లేచి బయటికి వెళ్లి వచ్చాను.

ఇక్కడ మన వాళ్లందరి ఇళ్లలో జరిగేది ఇదే, ఎవరూ దాన్ని సమస్య అనుకోం అంతే. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు. కాన్పుకి అమ్మమ్మ తాతయ్య వస్తారు, వాళ్లు వెళ్లేలోపు నానమ్మ తాతయ్యకి టికెట్లు. మాకు అది టైమ్ టేబుల్, డేకేర్ ఖర్చు మిగులు. వాడికి మాత్రం ఆరు నెలలు ఒళ్లో పెరిగిన మనిషి ఒక రోజు రెండు సూట్‌కేసులతో వెళ్లి తిరిగి రాదు. మా అత్తగారు వెళ్లినప్పుడు 8 నెలలు, రెండు రాత్రులు ఏడ్చాడు, పళ్లు వస్తున్నాయనుకున్నాం. మా అమ్మ వెళ్లేటప్పటికి 18 నెలలు. ఈసారి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాం, టాటా చెప్పించాం, విమానం చూపించి బామ్మ ఇందులో వెళ్తుంది అన్నాం. ఏడ్చాడు. కానీ ఇప్పుడు ఆకాశంలో విమానం కనిపిస్తే చాలు "బామ్మా" అని చెయ్యి ఊపుతాడు. మేం ఉండేది ఎయిర్‌పోర్టుకి దగ్గర, రోజుకి ముప్పైసార్లు ఊపుతాడు.

కాల్స్ మానకండి. మేం భోజనం టైమ్‌కి పెడతాం, ఫోన్ గోడకి ఆనించి. అమ్మ అక్కడ టిఫిన్ తింటుంది, వీడు ఇక్కడ అన్నం తింటాడు. "బామ్మకి ముద్దు పెట్టు, ఒకటి రెండు చెప్పు" అని వేధించకుండా ఊరికే పక్కన కూర్చున్నట్టు.

వీధి_చివరిల్లు — బుధవారం ఉదయం 8:12

మీకు చెప్పాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నా. పిలిస్తే రాకపోవడం, మొహం చూడకపోవడం ఆటిజం లక్షణాలు. మా బంధువుల్లో ఒకళ్లు ఇలాగే అలుసు చేశారు. వెంటనే డాక్టర్‌కి చూపించండి.

రెండో_కాన్పు — బుధవారం ఉదయం 8:30

ఇగో మొదలైంది. నిద్ర లేని తల్లికి పొద్దున్నే ఈ మాట అవసరమా అండీ.

పిల్లల_పరిశీలన — బుధవారం ఉదయం 11:15

ఆయన అడిగింది తప్పు కాదు, అడిగిన తీరు వేరు. భయపడటమూ వద్దు, కొట్టిపారేయడమూ వద్దు. తెనాలి_పిల్ల గారూ, కొన్ని చూసి చెప్పండి. అమ్మమ్మతో ఉన్నప్పుడు పేరు పెట్టి పిలిస్తే తిరిగేదా? టాటా చెప్పడం, చప్పట్లు కొట్టడం ఉన్నాయా? ఏదైనా వింతగా కనిపిస్తే వేలు పెట్టి చూపిస్తుందా? చూపించాక మీ మొహం వంక చూస్తుందా, లేక ఆ వస్తువునే చూస్తూ ఉండిపోతుందా? చివరి ప్రశ్న ముఖ్యం.

తెనాలి_పిల్ల — బుధవారం మధ్యాహ్నం 3:40

పేరుకి తిరుగుతుంది. టాటా, చప్పట్లు, తల మీద చేతులు పెట్టి గోవిందా, అన్నీ అమ్మ నేర్పింది.

వేలు పెట్టి చూపించడం... ఇప్పుడు మీరడిగాక గుర్తొచ్చింది, నిన్న రాత్రి ట్యూబ్‌లైట్ పక్కన బల్లి ఉంది. పాప నేల మీద కూర్చుని గిన్నెలు బోర్లిస్తూ దాన్ని చూసింది, వేలు చూపించి "ఊ!" అంది. వెంటనే నా వైపు తిరిగింది. నేను లాప్‌టాప్‌లో ఉన్నాను, తల ఎత్తి "బల్లి" అన్నాను. మళ్లీ బల్లిని చూసింది, మళ్లీ నన్ను చూసింది, "బయ్యి" అంది. అప్పుడు నాకేమీ అనిపించలేదు, మీటింగ్‌లో ఉన్నాను.

పిల్లల_పరిశీలన — బుధవారం సాయంత్రం 4:05

ఆ బల్లి దగ్గరే కూర్చోండి కాసేపు.

ఏదైనా కావాలని వేలు చూపించడం ఒక రకం, "చూశావా!" అని పంచుకోవడానికి చూపించడం ఇంకో రకం. రెండోది 9 నుంచి 14 నెలల మధ్య వస్తుంది, మనుషులతో మెలగడంలో పెద్ద మెట్టు అది. ఆటిజం అనుమానం ఉన్న పిల్లల్లో మేం ముందు వెతికేది ఇదే. మీ పాపలో చక్కగా ఉంది. ఇంకో సంగతి, వింత కనపడితే చూపించడానికి అది ఎంచుకున్న మొహం మీది. నేను పేజీలు పేజీలు రాసినదానికంటే ఆ బల్లి మీకు ఎక్కువ చెప్పింది.

వీధి_చివరిల్లు గారు అన్నారు కాబట్టి మిగతావాళ్ల కోసం: ఏడాదికి ముద్దుమాటలు, సైగలు ఏవీ లేకపోయినా, 16 నెలలకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకి రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు లేదా నవ్వు, కలివిడితనం ఏ వయసులోనైనా పోయినా, "వీళ్ల నాన్నకీ ఆలస్యంగానే మాటలొచ్చాయి" అని కూర్చోకండి. 16 నుంచి 30 నెలల పిల్లలకి ఆటిజం అనుమానం ఉందో లేదో చూసే 20 ప్రశ్నల ఎం-చాట్ అని ఉంది, పిల్లల డాక్టర్లు చూస్తారు. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి కేంద్రాల్లో ఖర్చు లేకుండా చూస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధి ఎదుగుదల సమస్యలున్నవాళ్ల కోసం జాతీయ సంస్థే ఉంది.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకండి. "లాప్‌టాప్‌లో ఉన్నాను" అన్నారు. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ ఒక ప్రయోగం చేశారు. పసిబిడ్డతో ముచ్చట్లాడుతున్న అమ్మని కాసేపు మొహంలో ఏ భావమూ లేకుండా రాయిలా ఉండమన్నారు. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, అరుస్తుంది, చివరికి తల తిప్పేసుకుని ఏడుస్తుంది. రెండు మూడు నిమిషాలే. ఫోన్ చూస్తున్నప్పుడు మన మొహం ఎలా ఉంటుందో ఎవరినైనా ఫొటో తీయమనండి. రోజంతా మానమనట్లేదు, ఆఫీసు నుంచి వచ్చిన మొదటి ఇరవై నిమిషాలు ఫోన్ చెప్పుల స్టాండ్ మీదే వదిలేయండి.

ఊరి_టీచరమ్మ — బుధవారం రాత్రి 9:00

విజయనగరం జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ని, 19 ఏళ్ల సర్వీసు. మా దగ్గర కేంద్రానికొచ్చి కూర్చునేది మూడేళ్లు నిండినవాళ్లు, లోపు పిల్లలకి ఇంటికి సరుకులు, మేం ఇళ్లకెళ్లి చూడటం. కానీ చెల్లెల్ని ఎత్తుకుని అక్క వస్తుంది కదా, రెండేళ్లవాళ్లూ చేరిపోతారు.

మా ఊళ్లో సగం మంది హైదరాబాదు, చెన్నై బిల్డింగ్ పనులకి పోతారు. పిల్లలు నానమ్మల దగ్గర. పండక్కి అమ్మ వస్తుంది, కొత్త గౌను, జడగంటలు తెస్తుంది, పిల్ల నానమ్మ కాళ్ల సందులోంచి తొంగి చూస్తుంది తప్ప రాదు. ఆ తల్లి నలుగురిలో చిన్నబోయి "రాయే, నేను మీ అమ్మనే" అని గుంజుతుంది, పిల్ల కెవ్వుమంటుంది. ఎన్నిసార్లు చూశానో. నేను ఆ తల్లులకి చెప్పేది ఒకటే, దాని వంక చూడకు. నువ్వు వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తియ్యి. పిల్ల మెల్లగా వస్తుంది, ఒక కాయ తీసుకుంటుంది, నీ పళ్లెంలో వేస్తుంది, మళ్లీ నానమ్మ దగ్గరికి పరిగెడుతుంది, మళ్లీ వస్తుంది. నాలుగోసారికి నీ మోకాలి మీద చెయ్యి వేస్తుంది. అప్పుడు కూడా ఎత్తుకోకు! ఎత్తుకుంటే మొదటికొస్తుంది. తనంతట తను ఒళ్లోకి ఎక్కేదాకా ఈనెలు తీస్తూనే ఉండు. ఒక్కోసారి రెండు రోజులు, ఒక్కోసారి సంచి చిక్కుళ్లూ అయిపోతాయి.

కొత్తగా చేరిన పిల్లలకీ అంతే. మూడు రోజులు తల్లిని మూల కూర్చోమంటాను, నాలుగో రోజు "నీళ్లు తెచ్చుకుని వస్తా" అని చెప్పి వెళ్లి నిజంగానే వెంటనే రావాలి. పోయిన మనిషి వస్తుందని పిల్ల కంటితో చూడాలి. మా సూపర్‌వైజర్లు 2024 నుంచి నవచేతన అని పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏం చేయాలో నెలలవారీగా చెబుతున్నారు, మాట్లాడండి, ఆడించండి, మొహంలో మొహం పెట్టి నవ్వండి అని. శిక్షణలో నా పక్కావిడ "ఇదంతా మా అమ్మమ్మ చేసిందే కదా" అంది. ఆడించేదీ వాళ్లే, అన్నం తినకపోతే బూచోడికి పట్టిస్తాననేదీ వాళ్లే. ఆ రెండోది మాత్రం మాన్పించలేకపోతున్నాను, 19 ఏళ్లుగా.

కొరుకుడు_బాబు_అమ్మ — గురువారం మధ్యాహ్నం 12:20

మధ్యలో దూరుతున్నందుకు సారీ, పిల్లల మనసు తెలిసినవాళ్లు ఇంతమంది ఒకచోట దొరికారు కాబట్టి అడుగుతున్నా. మావాడికి 2 ఏళ్ల 1 నెల. ప్లేస్కూల్‌లో వేసి మూడు వారాలు, ఇప్పటికి నలుగురిని కొరికాడు. నిన్న ఒకమ్మాయి బుగ్గ మీద పళ్ల గుర్తులు పడ్డాయి, వాళ్ల నాన్న గేటు దగ్గర నన్ను నిలబెట్టి అడిగారు. వాడు ఇంట్లో బంగారం. మా అత్తగారు "నువ్వు తిరిగి కొరుకు, నొప్పి తెలుస్తుంది" అంటున్నారు.

రెండో_కాన్పు — గురువారం మధ్యాహ్నం 12:41

కొరికి చూసిన, మా పెద్దోడిని. మెల్లగానే. అమ్మ కూడా కొరుకుతుంది అయితే తప్పు లేదన్నమాట అని వాడు ఇంకో రెండు నెలలు కొరికిండు.

పిల్లల_పరిశీలన — గురువారం సాయంత్రం 5:30

కొరకడం రెండేళ్ల చుట్టూ మామూలు. కోపం ఉంది, "అది నాది" అనే మాట ఇంకా లేదు, నోరు మాత్రం ఉంది. వయసు కూడా చూడండి. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య పిల్లలు అద్దంలో కనపడేది తామేనని గుర్తుపడతారు (నుదుటి మీద బొట్టు పెట్టి అద్దం ముందు నిలబెడితే, చిన్నవాళ్లు అద్దాన్ని తడుముతారు, వీళ్లు తమ నుదురు తడుముకుంటారు). "నేను" వచ్చాక దాని వెనకే "నాది" వస్తుంది. పంచుకోవడం దానికి చాలా తర్వాత. ఇరవై మంది "నాది"గాళ్లని ఒక గదిలో, నాలుగు బొమ్మలతో కూర్చోబెడితే పళ్లు బయటికి వస్తాయి.

కొట్టొద్దు, కొరకొద్దు, పది నిమిషాల ఉపన్యాసం అసలు వద్దు. వెంటనే పక్కకి తీసి, గట్టిగా, చిన్నగా, "కొరకకూడదు, నొప్పి". ముందు దెబ్బ తగిలిన పిల్లని ఓదార్చాలి, వాడి కళ్ల ముందే. టీచర్‌ని ఒక వారం రాసిపెట్టమనండి, ఏ టైమ్‌కి, ఎవరు ఏం లాక్కున్నప్పుడు అని. చాలాసార్లు అన్నానికి ముందు, నిద్ర వేళకి పడతాయి ఇవన్నీ.

నిక్కచ్చి_మనిషి — గురువారం రాత్రి 11:58

మొదట్లో నేను రాసినదానికి చాలామందికి కోపం వచ్చినట్టుంది. సరే.

ఒక సంగతి రాస్తాను. మా అమ్మ టీచరు, నన్ను మూడో నెల నుంచి అయిదేళ్ల దాకా ఒంగోలు దగ్గర పల్లెలో మా నాయనమ్మే పెంచింది. స్కూల్లో వేయడానికి నాన్న వచ్చి సైకిల్ మీద బస్టాండుకి తీసుకెళ్లాడు, జాతరకి అని చెప్పి. అమ్మని చాలా రోజులు అక్కా అనేవాణ్ణి. ఇప్పుడు నాకు 51. అమ్మతో బాగానే ఉంటాను, నెలనెలా డబ్బు పంపుతాను. ఆ సైకిల్ క్యారియర్ మీద వేసిన గోనెపట్టా రంగు కూడా చెప్పగలను. అంతే.

రెండో_కాన్పు — శుక్రవారం ఉదయం 6:50

అన్నా.

తెనాలి_పిల్ల — శుక్రవారం రాత్రి 10:15

అందరికీ థాంక్స్. నిక్కచ్చి గారూ, మీ పోస్ట్ మా ఆయనకి చదివి వినిపించాను, ఏమీ మాట్లాడలేదు, లేచి వెళ్లి పాప దుప్పటి సర్దాడు.

చీర వచ్చింది. పార్సిల్ విప్పుతుంటే పాప మొహం పెట్టి వాసన చూసి, చీర కుప్ప మీద బోర్లా పడుకుంది. ఆ రాత్రి లేవలేదు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు, నాకూ అదే వాసన కదా, నేనూ అందులోనే పెరిగాను.

నాన్న ఫోన్ చేసి, "నా ఇన్సులిన్ హైదరాబాద్‌లో పనిచేయదా ఏంటి, ఇద్దరం వస్తాం" అన్నారు. ఆదివారం వస్తున్నారు, పన్నెండు రోజులు. ఈ ఆలోచన మాకెవరికీ ఎందుకు రాలేదో.

మునగచెట్టు — శనివారం ఉదయం 10:00

పప్పు మాడకుండా దించి నాలుగు రోజులైంది, ఇప్పుడు రాస్తున్నాను.

అమ్మాయ్, అందరూ నీకూ పాపకీ చెప్పారు, మీ అమ్మ సంగతి ఎవరూ అడగలేదు. నా మనవడిని తొమ్మిది నెలలు పెంచి పూణే పంపాను. వాడు వెళ్లాక ఇంట్లో దూలానికి ఉయ్యాల కొక్కెం ఉండిపోయింది, గాలికి ఊగి కిర్రుమనేది. తీయించమంటే మా ఆయన నిచ్చెన దొరకలేదని నెల తిప్పాడు. మీ అమ్మకి లోపల ఒక మూల పాప తన కోసం ఏడవాలనీ ఉంటుంది, ఏడవకూడదనీ ఉంటుంది. పనులు నీ చేతికి ఇచ్చేటప్పుడు "అలా కాదే, నీళ్లు ఎక్కువ పోశావు" అని నాలుగు మాటలు అంటుంది. పట్టించుకోకు. పాప ముందు ఆవిడ నీ గురించి "అమ్మ వచ్చింది, చూడు, అమ్మ" అని నవ్వుతూ అంటే చాలు, పిల్లలు పెద్దవాళ్ల మొహం చూసే ఎవరు మంచివాళ్లో తేల్చుకుంటారు.

తెనాలి_పిల్ల — మూడు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 2:20

అప్‌డేట్ అడుగుతూ మెసేజ్‌లు పెట్టినవాళ్లకి.

మొదటి మూడు రోజులు నన్ను దగ్గరికే రానివ్వలేదు, అమ్మ ఒళ్లోంచి దిగితే ఒట్టు. టీచరమ్మ గారు చెప్పినట్టే చేశాను, కొండాపూర్‌లో వాకిలి ఎక్కడ, హాల్లో పేపర్ పరిచి గోరుచిక్కుడు పట్టుకుని కూర్చున్నాను. ఆరో రోజుకి ఒళ్లోకి వచ్చింది, చిక్కుళ్లన్నీ నా జాకెట్లో వేసింది. స్నానం నేను చేయించాను, అమ్మ తలుపు దగ్గర నిలబడి నీళ్లు ఎక్కువ పోశానంది. (మునగచెట్టు గారూ!)

వెళ్లే రోజు పొద్దున పది గంటలకి. అమ్మ పాపతో "అమ్మమ్మ ఊరెళ్తోంది, తాతయ్యకి పని ఉంది, మళ్లీ దసరాకి వస్తా" అని కూర్చుని చెప్పింది. అర్థమైందా లేదా తెలీదు. లిఫ్ట్ దాకా వచ్చాం. లిఫ్ట్ తలుపు మూసుకోగానే మొదలు, గడియారం చూశాను, పద్దెనిమిది నిమిషాలు. కానీ ఈసారి నా భుజం మీద ఏడ్చింది. తర్వాత లోపలికెళ్లి అమ్మ చెప్పుల కోసం చూసింది. లేవు, ఈసారి వేసుకునే వెళ్లింది. కాసేపు ఆ చోటు చూసి, నా చెప్పులు తీసుకొచ్చి వంటింట్లో, నేనుండే చోట పెట్టింది.

అన్నీ సర్దుకున్నాయని కాదు. సాయంత్రాలు ఇంకా గునుస్తుంది, ఆయమ్మ దగ్గర ఒకరోజు తింటుంది, ఒకరోజు లేదు. నన్ను ఇప్పటికీ అమ్మా అనదు, "బయ్యి" అంటుంది. బల్లి అన్నమాట. మా ఆయన అందరికీ చెప్పి నవ్వుతున్నాడు.

దసరాకి మేమే తెనాలి వెళ్లి, పాపని రెండు రోజులు అక్కడ ఉంచి నేను ఒక పని మీద విజయవాడ వెళ్లాలి. అమ్మకి చెబితే, "వచ్చేటప్పుడు నువ్వు కట్టి విడిచిన చున్నీ ఒకటి ఉతక్కుండా తీసుకురా" అంది.

అర్ధరాత్రి_నాన్న — ఆదివారం మధ్యాహ్నం 3:02

బయ్యి గారికి నమస్కారం. మా అత్తగారికి వచ్చే నెల టికెట్లు బుక్ చేశాం. ఈసారి తిరుగు ప్రయాణం తేదీ క్యాలెండర్‌లో ముందే విమానం బొమ్మ వేసి పెట్టాను, వాడికి చూపించడానికి.

కొరుకుడు_బాబు_అమ్మ — ఆదివారం రాత్రి 9:45

మావాడు ఈ వారం ఎవరినీ కొరకలేదు. గిల్లుతున్నాడు.